వాంబుయి గురించి ఎవరూ మాట్లాడరెందుకు?

చిమమాంద ఎన్‌గొజి అడిచీ నవల ‘అమెరికానా’ (2013) మన ఇంగ్లిషు విభాగాల్లో బాగా కుదురుకున్న పుస్తకం. దానిమీద నేను విన్న సెమినార్ పత్రాలు చాలానే ఉన్నాయి. ఇఫెమెలు జుట్టు గురించి, ఆమె యాస గురించి, ఒబింజెతో ప్రేమ గురించి, అమెరికా వెళ్ళాకే తాను ‘నల్లమనిషి’నని ఆమెకు తెలిసిరావడం గురించి. వాంబుయి గురించి మాత్రం ఒక్క పత్రమూ వినలేదు. వాంబుయి ఎవరని అడిగితే నవల చదివినవాళ్ళు కూడా కాస్త ఆగి, “జుట్టు కత్తిరించుకోమని చెప్పే స్నేహితురాలు కదూ” అంటారు. ఆ మాట నిజమే. అయితే అంతకంటే ముందు ఆమె ఆ కాలేజీలో ఆఫ్రికన్ విద్యార్థుల సంఘానికి అధ్యక్షురాలు. పరాయిదేశం నుంచి వచ్చిన విద్యార్థుల తరఫున మాట్లాడటం, వాళ్ళని ఒకచోట కూర్చోబెట్టడం ఆమె చేసే పని. ఈ పని సాహిత్యానికి ఎందుకు ఆనదు అన్నది నా ప్రశ్న.

నవల్లో వాంబుయి మొదట మనిషిగా కాదు, గొంతుగా వస్తుంది. ఫిలడెల్ఫియాలోని ఆ కాలేజీలో, చరిత్ర తరగతిలో ‘రూట్స్’ చూపిస్తారు. అందులో నల్లవాళ్ళను తిట్టే మాటను వినపడకుండా ఎందుకు చెరిపేశారని వెనకనుంచి ఒక ఆడగొంతు అడుగుతుంది. అమెరికన్ యాస లేని గొంతు. తరగతి మొత్తం ఒక్కసారి కదిలిపోయి వాదనల్లో పడుతుంది. తరగతి అయ్యాక ఆ గొంతు మనిషై ఇఫెమెలు దగ్గరికి వచ్చి తన పేరు, తన దేశం కెన్యా అని చెప్పి, సంఘం సమావేశానికి రమ్మంటుంది. అప్పటికి ఇఫెమెలు ఆ దేశంలో నోరు తెరవడానికే భయపడుతూ ఉంది. కాలేజీలో చేరే రోజు, నమోదు బల్ల దగ్గర కూర్చున్న క్రిస్టినా తోమస్ అనే తెల్ల అమ్మాయి ఒక్కో మాటనీ విడదీసి, చెవిటివాళ్ళతో మాట్లాడినట్టు ఆమెతో మాట్లాడుతుంది. పుట్టినప్పటినుంచి ఇంగ్లిషు మాట్లాడుతున్న ఇఫెమెలు ఆ క్షణంలో ముడుచుకుపోతుంది. ఆ తర్వాతే అమెరికన్ యాస సాధన మొదలుపెడుతుంది. ఒకే కాలేజీలో ఒకరు నోరు నొక్కుకోవడం, ఇంకొకరు అదే తరగతిలో నోరు విప్పడం రెండూ పక్కపక్కనే జరుగుతాయి. అడిచీ వీటిని పోల్చి చూపించదు. పోల్చుకోవడం చదివేవాళ్ళ పని.

ఆ సంఘం సమావేశమయ్యేది నేలమాళిగలో, కిటికీలు లేని గదిలో. పిజ్జా డబ్బాలు, కాగితం పళ్ళాలు, మడత కుర్చీలు. నైజీరియా, ఉగాండా, ఘనా, టాంజానియా, జింబాబ్వే పిల్లలు అక్కడ చేరి, పగలంతా అమెరికన్లు తమని అడిగిన తెలివితక్కువ ప్రశ్నల్ని అనుకరించి నవ్వుకుంటారు. తమ దేశాలనీ వెక్కిరించుకుంటారు. ఆ వెక్కిరింతలో ప్రేమ ఉంటుంది కాబట్టి అది వాళ్ళకి క్షేమంగా ఉంటుంది. అక్కడే మ్వోంబెకి అనే టాంజానియా విద్యార్థి కొత్తగా వచ్చినవాళ్ళకి స్వాగతోపన్యాసం ఇస్తాడు. ఆఫ్రికన్ అమెరికన్లతో ఎలా మెలగాలి, వాళ్ళ సంఘం వేరుగా, మన సంఘం వేరుగా ఎందుకుంది, కొన్నాళ్ళకి మీ యాస ఎందుకు మారిపోతుంది – ఇలాంటివన్నీ హాస్యంగా చెప్తాడు. నవలలో తర్వాత వచ్చే ఇఫెమెలు రాతలకి, అంటే ఆమెకి పేరు, డబ్బు, చివరికి ప్రిన్స్‌టన్ ఫెలోషిప్ కూడా తెచ్చిపెట్టిన జాతి గురించిన బ్లాగు రాతలకి, పునాది ఈ నేలమాళిగ ఉపన్యాసంలోనే ఉందని నాకనిపిస్తుంది. స్వరం అదే, హాస్యం అదే, కొత్తగా వచ్చినవాళ్ళను పిలిచి హెచ్చరించే పద్ధతీ అదే. మ్వోంబెకి చెప్పింది పదిమంది విన్నారు. ఇఫెమెలు రాసింది వేలమంది చదివారు. సమష్టిగా పుట్టిన మాట ఒక వ్యక్తి గొంతుగా మారినప్పుడే దానికి పేరొస్తుంది. నవల ప్రక్రియలోనే ఆ గుణం ఉంది. నవలకి ఒక కథానాయిక కావాలి, సమావేశం అక్కర్లేదు.

ఇక్కడ కొంచెం చట్టం గురించి చెప్పుకోవాలి. ఎందుకంటే ఈ నవల్లో అత్యంత బాధాకరమైన ఘట్టం చట్టం లోంచే పుడుతుంది. అమెరికాలో చదువుకునే విదేశీ విద్యార్థి తరగతులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలకి మించి పనిచేయకూడదు. అదీ క్యాంపస్‌లోనే. బయట పనికి విడిగా అనుమతి కావాలి. ఉపకారవేతనం ఉన్నా ఇఫెమెలుకి ఫీజు, అద్దె చాలవు. ఉజు ఆంటీ సంపాదించి ఇచ్చిన వేరొకరి సోషల్ సెక్యూరిటీ కార్డుతో, వేరొకరి పేరుతో ఆమె ఉద్యోగం వెతుకుతుంది. ఎక్కడా దొరకదు. చివరికి ఒక టెన్నిస్ కోచ్ ‘విశ్రాంతి’ కోసం మనిషి కావాలంటే వెళ్తుంది. అతను ముట్టుకున్నందుకు 100 డాలర్లు ఇస్తాడు. ఆ తర్వాత ఆమె నెలల తరబడి మంచం దిగదు, ఒబింజె ఉత్తరాలు విప్పదు. వీసా కాగితం మీద ఉన్న ఒక నిబంధన ఒక అమ్మాయి శరీరం దాకా ఎలా నడుచుకుంటూ వచ్చిందో అడిచీ చూపించినంత స్పష్టంగా చూపించిన నవలలు నేను ఎక్కువ చదవలేదు. అయితే ఒక విషయం నన్ను వదలదు. ఈ ఘట్టానికి ముందే ఇఫెమెలుకి ఆ నేలమాళిగ తెలుసు. వాంబుయి తెలుసు. అయినా ఆమె అక్కడికి వెళ్ళదు. వెళ్తే ఏమయ్యేదో మనం చెప్పలేం. ఆ సంఘంలో వాళ్ళెవరి దగ్గరా అద్దె డబ్బులు ఉండకపోవచ్చు. కానీ నవల ఆ ప్రశ్ననే అడగదు. ఇఫెమెలుని మంచం మీంచి లేపేది గినికా దొరికించిన పని, కింబర్లీ అనే ధనిక శ్వేత స్త్రీ ఇంట్లో పిల్లల్ని చూసుకునే పని. కింబర్లీది జాలి. వాంబుయిది పక్షం వహించడం. మొదటిది నవలలో ఫలిస్తుంది, రెండోది నేపథ్యంలో ఉండిపోతుంది.

ఇంకొన్ని అధ్యాయాల తర్వాత ఒక వాక్యం వస్తుంది. ఇఫెమెలుకి చదువు అయిపోయే రోజులవి. ఆమె ప్రేమికుడు కర్ట్ నాలుగు ఫోన్లు చేసి, బాల్టిమోర్‌లో గ్రీన్‌కార్డుకి దారితీసే ఉద్యోగం ఇప్పిస్తాడు. అదే చోట, దాదాపు పక్కమాటగా, మనకి తెలుస్తుంది: వాంబుయి లెక్కల్లోకి రాని మూడు ఉద్యోగాలు చేస్తూ, కాగితాల కోసం చేసుకోబోయే పెళ్ళికి 5,000 డాలర్లు కూడబెడుతోందని. మ్వోంబెకి కూడా తన తాత్కాలిక వీసా మీద ఎవరు ఉద్యోగమిస్తారా అని తిరుగుతున్నాడని. ఈ వాక్యం దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. అందరి తరఫునా మాట్లాడిన మనిషి తన తరఫున మాట్లాడేవాళ్ళు లేక పెళ్ళిని కొనుక్కోవాల్సి వచ్చింది. అడిచీకి ఇది తెలుసు, అందుకే రాసింది. రాసి ముందుకు వెళ్ళిపోయింది.

రచయిత్రిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఇఫెమెలు ఉద్యమకారిణి కాదని నవల నిజాయితీగానే చెప్తుంది. యేల్‌లో గ్రంథాలయం కాపలాదారుడైన ఒక నల్లజాతి వృద్ధుణ్ణి మాదకద్రవ్యాలు అమ్ముతున్నాడని అనుమానించినప్పుడు ఆమె సహచరుడు బ్లెయిన్ క్యాంపస్‌లో నిరసన ఏర్పాటు చేస్తాడు. ఆమె దానికి వెళ్ళకుండా ఒక విందుకి వెళ్ళి, నిద్రపోయానని అబద్ధం చెప్తుంది. ఈ ఘట్టానికి మాత్రం నవలలో పేజీలకి పేజీలు ఉన్నాయి, దాంతో ఒక బంధమే బీటలు వారుతుంది. కారణం సులభం. బ్లెయిన్ ఆ దేశ పౌరుడు. అతను నిరసన చేస్తే అది నిరసన. వీసా మీద ఉన్న అమ్మాయి నేలమాళిగలో నలుగురికి పిజ్జా పెట్టి, ఫారాలు ఎలా నింపాలో చెప్తే అది స్నేహం, సాయం, ఆడవాళ్ళు ఎలాగూ చేసే పని. ఇంటిచాకిరీ గురించి మనం ముప్ఫై ఏళ్ళుగా చెప్తున్న మాటే ఇక్కడా వర్తిస్తుంది: కనిపించదు, లెక్కకు రాదు, కానీ అది లేకపోతే ఏదీ నడవదు.

అడిచీకి చాలా ముందే, 1977లో, ఘనా రచయిత్రి ఆమా ఆటా ఐడూ ‘అవర్ సిస్టర్ కిల్‌జాయ్’లో సిస్సీని విద్యార్థుల సభలో నిలబెట్టింది. సిస్సీ లండన్‌లో చలికి వణుకుతూ, చాలీచాలని బట్టల్లో తిరిగే ఆఫ్రికన్లని చూస్తుంది. చదువు పేరుతో ఏళ్ళకేళ్ళు అక్కడే ఉండిపోయినవాళ్ళతో సభల్లో వాదిస్తుంది, తిరిగి వెళ్దామంటుంది. ఎవరూ వినరు. ప్రేమించినవాడు కూడా ఆమె గొంతునీ, మొండితనాన్నీ భరించలేకపోతాడు. అతనికి రాసిన పొడుగాటి ఉత్తరాన్ని చివరికి ఆమె పంపకూడదనే నిర్ణయించుకుంటుంది. ఐడూ సభలో మాట్లాడే ఆడపిల్లని కథ మధ్యలోకి తెచ్చింది. అందుకు తగ్గట్టే ఆ పుస్తకం నవలలా ఉండదు, సగం గద్యం, సగం పద్యం, చివర్లో ఒక ఉత్తరం. రూపం విరిగితే గాని ఇలాంటి పాత్రకి చోటు దొరకదేమో. కాకపోతే సిస్సీ వాదన ‘ఇంటికి వెళ్ళండి’ అన్నది. వాంబుయిది ‘ఉన్నచోట మనుషుల్లా బతకనివ్వండి’ అన్నది. ఈ రెంటి మధ్య తేడా తక్కువది కాదు. మొదటిదానికి దేశభక్తి అండ ఉంటుంది. రెండోదానికి ఏ దేశమూ అండగా ఉండదు.

మన దగ్గరికి వస్తే, ఈ విషయం మనకి పరాయిది కాదు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ విశ్వవిద్యాలయం మూతపడినప్పుడు అందులో చేరినవాళ్ళలో ఎక్కువమంది అప్పటి ఆంధ్రప్రదేశ్ పిల్లలే. కొందరి కాళ్ళకి జాడ తెలిపే పరికరాలు కట్టారు. 2019 జనవరిలో మిషిగన్‌లో ‘ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం’ అనేది అసలు లేనే లేదని, అధికారులే పన్నిన వల అని బయటపడింది. మొదట అరెస్టయిన 130 మంది విద్యార్థుల్లో 129 మంది భారతీయులు, వాళ్ళలో తెలుగువాళ్ళు ఎక్కువ. నాకు గుర్తున్నంతవరకు మన పత్రికల్లో, టీవీల్లో రెండే ప్రశ్నలు నలిగాయి: పిల్లలు మోసపోయారా, మోసం చేశారా. అమెరికాలోని తెలుగు సంఘాలు వకీళ్ళను పెట్టి సాయపడ్డాయి, అది చిన్న విషయం కాదు. కానీ పరాయిదేశంలో చదువుకునే విద్యార్థికి క్యాంపస్‌లో ఒక గొంతు, ఒక కమిటీలో ఒక కుర్చీ ఉండాలన్న మాట నేను వినలేదు. మన కథల్లోనూ అంతే. నేను చదివిన డయాస్పోరా కథల్లో ఉద్యోగం చేసే హక్కు లేక ఇంట్లో కూర్చున్న భార్య ఉంది. ముసలి తల్లిదండ్రులు ఉన్నారు. రెండు సంస్కృతుల మధ్య పిల్లలున్నారు. ఎం.ఎస్. చదవడానికి వెళ్ళి, నలుగురితో ఒక అపార్ట్‌మెంట్‌లో సర్దుకుని, దొంగచాటుగా పెట్రోలు బంకులో పనిచేసే అమ్మాయి చాలా అరుదు. ఆ అమ్మాయి లేచి పదిమంది తరఫున మాట్లాడటం ఇంకా అరుదు.

పైగా ‘మనవాళ్ళు’ అనే మాటకి మన దగ్గర ఇంకో కొలత ఉంది. వాంబుయి నేలమాళిగలో ఖండం పేరు చెప్తే చాలు, కుర్చీ దొరుకుతుంది. మన దగ్గర విమానాశ్రయం నుంచి తీసుకొచ్చే అన్నయ్య కారులో కూర్చోగానే అడిగేది ఇంటిపేరు. తర్వాత ఏ ఊరు, ఆ ఊళ్ళో ఏ వీధి. దేనికోసం అడుగుతున్నారో ఇద్దరికీ తెలుసు. అందుకే విదేశీ విద్యార్థుల హక్కుల పోరాటాల్లో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది, కుల వివక్షని విశ్వవిద్యాలయ నిబంధనల్లో పేరుపెట్టి నిషేధించమన్న పోరాటం. 2019లో బ్రాండైస్ విశ్వవిద్యాలయం ఆ పని మొదలుపెట్టింది. 2022 జనవరి నాటికి 23 క్యాంపస్‌లున్న కాలిఫోర్నియా స్టేట్ విశ్వవిద్యాలయ వ్యవస్థ మొత్తం చేసింది. దాని వెనక విద్యార్థుల శ్రమ ఉంది, ముఖ్యంగా నేపాల్ నుంచి వెళ్ళిన ఒక దళిత విద్యార్థి శ్రమ. వ్యతిరేకిస్తూ ఉత్తరం రాసినవాళ్ళలో భారత సంతతి అధ్యాపకులున్నారు. అమెరికాలో మనమంతా బాధితులమేనన్న సౌకర్యవంతమైన కథ ఇక్కడ చెల్లదు.

మన దేశంలోనూ చెల్లదు. ఇక్కడ మనం ఆతిథ్యం ఇచ్చేవాళ్ళం. నేను పరిశోధన చేసిన హాస్టల్లో తూర్పు ఆఫ్రికానుంచి వచ్చిన ఒక సీనియర్ ఉండేది. జూనియర్లమంతా ఆమెని అక్కా అనేవాళ్ళం, ఆమెకీ ఆ పిలుపు నచ్చింది. ఆమె దగ్గర ఒక నోటుపుస్తకం ఉండేది. ఎవరి వీసా ఎప్పుడు ముగుస్తుంది, ఎవరికి విభాగం నుంచి ఉత్తరం కావాలి, ఎవరి ఉపకారవేతనం ఎన్ని నెలలుగా రాలేదు – అన్నీ అందులో ఉండేవి. దేశానికి వచ్చిన 14 రోజుల్లోగా విదేశీయుల నమోదు కార్యాలయంలో పేరు రాయించుకోవాలని కొత్తవాళ్ళకి మొదట చెప్పేది ఆమే. అద్దె ఇళ్ళ కోసం సూడాన్, యెమెన్ పిల్లల వెంట తనే వెళ్ళేది. ఆడమనిషి వెంట ఉంటే ఇంటివాళ్ళు తలుపు మొహం మీద వెయ్యరని ఆమె లెక్క. వేసవి సెలవుల్లో మెస్ మూసేస్తే ఇళ్ళకి వెళ్ళలేనివాళ్ళు ఏం తినాలని ఆమె మూడేళ్ళు అర్జీలు పెట్టింది. ప్రతి ఏడాదీ అంతర్జాతీయ దినోత్సవానికి మాత్రం ఠంచనుగా పిలుపు వచ్చేది. మీ దేశపు బట్టలు వేసుకుని మీ నాట్యం చెయ్యండి అని. హాస్టల్ కమిటీలో చోటు అడిగితే నిబంధనల్లో లేదన్నారు.

‘ప్రాతినిధ్యం’ అనే మాటని మనం రెండర్థాల్లో వాడతాం. ఒకరి తరఫున నిలబడి మాట్లాడటం ఒకటి, ఒకరిని చిత్రించి చూపించడం ఇంకొకటి. గాయత్రీ స్పివాక్ 1988 నాటి తన ప్రసిద్ధ వ్యాసంలో ఈ రెంటినీ కలిపేస్తే వచ్చే ప్రమాదం గురించి రాసింది. ఆ సిద్ధాంతం నాకు తరగతిలో కంటే ఆ దినోత్సవం వేదిక ముందు బాగా అర్థమైంది. రెండో ప్రాతినిధ్యం ఇచ్చేస్తే మొదటిది అడగరని ఆఫీసులకి తెలుసు.

అడిగితే ఏమవుతుందో కూడా తెలుసు. 2016 జనవరి 31న బెంగళూరులో ఒక సూడాన్ విద్యార్థి కారు కింద స్థానిక మహిళ ఒకరు చనిపోతే, అరగంట తర్వాత అటుగా వచ్చిన, ఏ సంబంధమూ లేని టాంజానియా విద్యార్థినిని గుంపు కొట్టి, బట్టలు చింపింది. ఆమె చేసిన నేరం రంగు. 2017 మార్చిలో గ్రేటర్ నోయిడాలో నైజీరియా విద్యార్థుల మీద దాడులు జరిగితే, ఆఫ్రికన్ విద్యార్థుల సంఘం చేయగలిగింది ఇళ్ళలోంచి బయటికి రావద్దని తమవాళ్ళని హెచ్చరించడం, ప్రకటనలు ఇవ్వడం. 2021 ఆగస్టులో కాబూల్ తాలిబాన్ల చేతికి వెళ్ళాక ఇక్కడ చదువుతున్న అఫ్ఘాన్ అమ్మాయిలకి వీసా ముగియడమంటే చదువు ముగియడం, ఇంకా చాలా ముగియడం. ఆఫ్రికన్ సాహిత్యం మీద మనం సెమినార్లు పెట్టే నగరాలే ఇవి. టీ విరామంలో ఎదురుపడే ఆఫ్రికన్ విద్యార్థినిని పరిశోధనాంశం ఏమిటని కాక, ఇల్లు దొరికిందా అని అడిగినవాళ్ళని నేను వేళ్ళ మీద లెక్కపెట్టగలను.

2025 మార్చి 25న అమెరికాలోని సోమర్‌విల్‌లో ముసుగులు వేసుకున్న అధికారులు రుమైసా ఓజ్‌టుర్క్ అనే టర్కీ పరిశోధక విద్యార్థినిని వీధిలో పట్టుకుపోయారు. ఆమె చేసింది అంతకు ఏడాది ముందు మరో ముగ్గురితో కలిసి టఫ్ట్స్ విశ్వవిద్యాలయ విద్యార్థి పత్రికలో ఒక అభిప్రాయ వ్యాసం రాయడం. విద్యార్థి సెనెట్ పాలస్తీనా మీద చేసిన తీర్మానాల్ని యాజమాన్యం పట్టించుకోలేదని అందులో విమర్శించారు. ఆమెకి చెప్పకుండానే వీసా రద్దు చేశారు. లూసియానాలో నిర్బంధించి, మే 9న న్యాయమూర్తి ఆదేశంతో వదిలారు. వ్యాసం రాయడం మన వృత్తి కూడా కాబట్టి ఈ వార్త మనలో చాలామందికి నిద్ర లేకుండా చేసింది. బయటికి వచ్చాక, ఆ జూలైలో, ఆమె రాసిన వ్యాసాన్ని నేను విమర్శకురాలిగానే చదివాను. అందులో ‘నేను’ ఉంది కానీ అది కథానాయిక ‘నేను’ కాదు. తనతో పాటు నిర్బంధంలో ఉన్న స్త్రీలు, వాళ్ళ పిల్లలు, జబ్బులు, ఒకరికొకరు చేసుకున్న చిన్న చిన్న సాయాలు – ఇవే ఆమె వస్తువు. తన విడుదల ఆమెకి ముగింపు కాలేదు, ఎందుకంటే లోపల ఇంకా మనుషులు ఉన్నారు. వాంబుయి తన కథ తనే రాస్తే ఇలా ఉంటుందేమో అనుకున్నాను.

‘అమెరికానా’లో ఇంకో చోట వాంబుయి వస్తుంది. పుస్తకాల షాపులో నల్లజాతి స్త్రీల పత్రిక ఒకటి చేతిలో పట్టుకుని ఇఫెమెలు కర్ట్‌తో వాదిస్తుంది. అతనికి అర్థం కాలేదన్న ఉక్రోషంతో, ఇంతకాలం పైకి అనలేని మాటలన్నీ కూర్చి వాంబుయికి పెద్ద ఉత్తరం రాస్తుంది. జవాబులో వాంబుయి, ఇది ఇంకా చాలామంది చదవాల్సింది, నువ్వు బయట రాయడం మొదలుపెట్టు అంటుంది. ఇఫెమెలు రచయిత్రి అయింది ఆ మాటతో. ఆ ఉత్తరం చదివే సమయానికి వాంబుయి మూడు ఉద్యోగాల్లో ఏ ఉద్యోగంలో ఉందో, 5,000 డాలర్లు పోగయ్యాయో లేదో నవల ఆగి చూడదు.